మిల్లుల వెనక వీధిలో తల్లిపాలు

సంపాదకుల వారికి నమస్కారం.

ఆగస్టు మొదటి వారంలో మీ పేపర్ జిల్లా పేజీలో తల్లిపాల వారోత్సవాల వార్త వచ్చింది, ఫొటోతో సహా. ఫ్లెక్సీ కింద కుర్చీల్లో ఆఫీసర్లు, వాళ్ల ముందు జంపఖానా మీద పసిబిడ్డలతో తల్లులు. తల్లుల్లో అవగాహన లేకపోవడం వల్లే ఆరు నెలలు నిండకముందే డబ్బా పాలు పట్టిస్తున్నారని ఒకాయన మాట్లాడినట్టు రాశారు. ఆ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది. కోయాల్సి వస్తే మధ్యలో ఎక్కడైనా కోయండి గానీ చివరి ముక్క మాత్రం ఉంచండి, అది నాది కాదు, ఇంకొకరి ప్రశ్న.

నేను ఆదోనిలో అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నా సెంటర్ పత్తి మిల్లుల వెనక వీధిలో ఉండేది. వీధి పేరు రాయను, సీజన్లో గాలిలో దూది తేలే వీధులు మా ఊళ్లో చాలానే ఉన్నాయి. మధ్యలో రెండేళ్లు కొత్త కాలనీ సెంటర్‌లో టీచర్ పోస్టు ఖాళీగా ఉంటే దానికీ నన్నే ఇంఛార్జి వేశారు. రెండు సెంటర్లకూ మధ్య నడక పావుగంట. పొద్దున ఇక్కడ, మధ్యాహ్నం అక్కడ పిల్లల బరువు తూచి రెండు రిజిస్టర్లూ రాత్రి ఇంట్లో పక్కపక్కన పెట్టుకుని రాసేదాన్ని. ఆ పావుగంట దూరంలో బిడ్డ తల్లిపాలు తాగే కాలం ఎంత మారిపోతుందో అలా చూశాను.

ముందు అవగాహన సంగతి తేల్చుకుందాం. నేను చేరిన కొత్తలో ముర్రుపాలు పిండి పారబోసేవాళ్లు, నిజమే. మూడో రోజు దాకా చక్కెర నీళ్లు నాకించేవాళ్లు. దాన్ని మేమే మాన్పించాం, మేమూ ఏఎన్ఎమ్‌లూ తర్వాత వచ్చిన ఆశాలూ ఇంటింటికీ తిరిగి, తిట్లు తిని. ఇప్పుడు ఆ వీధిలో ఏ బాలింతను నిద్రలేపి అడిగినా చెబుతుంది: పుట్టిన గంటలోపు పట్టాలి, ఆరు నెలలు తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు, ఆ తర్వాత మెత్తని అన్నం పప్పు పెడుతూ రెండేళ్లు, వీలైతే ఇంకా పైన. మే నెలలో మా ఊరి ఎండకు బిడ్డ నోరు పిడచగడుతోందని అవ్వ చెంచాడు నీళ్లు పోయబోతే, 'తల్లిపాలల్లో నూటికి ఎనభై ఎనిమిది పాళ్లు నీళ్లేనంట అవ్వా, టీచరమ్మ చెప్పింది' అని కోడళ్లే అడ్డం పడతారు. ఇంతకంటే ఏం అవగాహన కావాలో ఆయనే చెప్పాలి.

తెలుసు కదా, మరి ఎందుకు ఆపుతున్నారంటే, మూడో నెల దగ్గరికి రండి.

మా వీధి బిడ్డలకు గండమంతా మూడో నెలలోనే. కాన్పుకు పుట్టింటికి పోయిన పిల్ల మూడో నెలలో తిరిగొస్తుంది. పుట్టింట్లో ఐదో నెల దాకా ఉండగలిగిందంటే వాళ్లకు ఏదో కాస్త వెనకాల ఉన్నట్టే. వచ్చిన వారానికి మిల్లులోనో పత్తి చేలోనో పని మొదలవ్వాల్సిందే, ఎందుకంటే రేకుల గదికి అద్దె ఆగదు, కాన్పుకు తెచ్చిన అప్పు మీద వడ్డీ ఆగదు, పొదుపు సంఘం కంతు అసలే ఆగదు, ఒకామె కట్టకపోతే మిగతా తొమ్మిది మంది గుమ్మం ముందు కూర్చుంటారు.

ఒక పిల్ల బాగా గుర్తుంది. పొద్దున ఐదున్నరకు ఆటో వచ్చేది, అందులో పద్నాలుగు మంది. ఈ పిల్ల ఒక కాలు ఆటోలో, ఒక కాలు నేల మీద పెట్టి కొంగు కింద బిడ్డకు పాలిస్తూ నిలబడేది. డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీసేవాడు కాదు. "ఒక్క నిమిషం అన్నా, ఈ పక్క అయిపాయ, ఆ పక్క పట్టిస్తే సాలు" అనేది. అత్త చేతికి బిడ్డనిచ్చి ఎక్కేది. సాయంత్రం ఆరున్నరకు దిగేటప్పుడు పైట ముందుకు లాక్కుని దిగేది. ఎందుకో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు, మగవాళ్ల కోసం రాస్తున్నా. పదమూడు గంటలు బిడ్డ తాగని పాలు చేపుకొచ్చి రవికె తడిసి, ఆరి, మళ్లీ తడిసి, పత్తి దుమ్ము అంటుకుని అట్టలా అయ్యేది. మొదటి వారం రొమ్ములు రాళ్లలా గట్టిపడి చలి జ్వరం వచ్చింది. చేను గట్టు చాటున కూర్చుని పాలు మట్టిలోకి పిండేసుకున్నానని చెప్పింది. రెండో వారం "నొప్పి పాయ టీచరమ్మా" అని నవ్వుతూ వచ్చింది. నాకు మాత్రం గుండె జారిపోయింది. నొప్పి పోయిందంటే పాలు తగ్గిపోతున్నాయని అర్థం. అవి తోడేకొద్దీ ఊరే పాలు. పగలంతా తోడేవాళ్లు లేకపోతే ఒళ్లు తనంతట తానే తగ్గించేసుకుంటుంది. నెల తిరిగేసరికి "పాలు పడటం ల్యా" అంది. రాత్రి పూట మానొద్దు, రాత్రే పాలు బాగా పడతాయి, బిడ్డను పక్కలోనే పడుకోబెట్టుకో అని చెప్పాను. చెప్పడమైతే చెప్పాను గానీ, పదమూడు గంటలు వంగి వచ్చిన మనిషి రాత్రి నాలుగుసార్లు ఎట్లా లేస్తుందో నేను ఆలోచించలేదు.

నేను రాసిన రిజిస్టర్లో పాలు మాన్పించిన నెల రాసే గడి ఉండేది. ఎందుకు మాన్పించిందో రాసే గడి లేదు. ఎవరైనా పైనుంచి వచ్చి అడిగితే 'పాలు సరిపోక' అని చెప్పేవాళ్లం, నాతో సహా. ఐదున్నర ఆటో సంగతి ఏ రిపోర్టులోకీ పోలేదు.

పాలు పిండి గిన్నెలో పెట్టి వెళ్లొచ్చు కదా అని మీటింగుల్లో చెబుతారు. చల్లని గదిలో, అంటే పాతిక డిగ్రీల్లో, నాలుగు గంటల దాకా నిలవ ఉంటాయి. మా రేకుల గదుల్లో ఏప్రిల్ మధ్యాహ్నం ఎంత ఉంటుందో నేను కొలవలేదు, బయటే నలభై దాటుతుంది. ఫ్రిజ్ ఉన్న ఇల్లు వీధికి రెండో మూడో. ఆ సలహా కాలనీకి పనికొస్తుంది.

ఇక డబ్బా. వీధి మొదట్లో కిరాణా కొట్టు ఉంది, ఆయన మంచివాడే, డబ్బా పాలు కూడా ఖాతా మీద ఇస్తాడు. నాలుగు వందల గ్రాముల డబ్బా ఐదు వందలకు అటూ ఇటూ. మూడు నెలల బిడ్డను పూర్తిగా దాని మీదే పెంచితే డబ్బా నాలుగైదు రోజులు వస్తుంది, అంటే నెలకు ఆరేడు డబ్బాలు, మూడు వేల పైమాటే. మా వీధిలో రెండు డబ్బాలతో నెల గడిపేస్తారు. ఎట్లా అంటే చెంచాడు వేయాల్సిన చోట అర చెంచా. కొలత డబ్బా మీద రాసే ఉంటుంది, వాళ్లకు చదవడమూ వచ్చు. కొళాయి రెండు మూడు రోజులకోసారి, నీళ్లు డ్రమ్ములో నిలవ. కాచి చల్లార్చి పోయమంటాం, గ్యాస్ బండ నెల రాకముందే అయిపోతుంది. పీక, సీసా పగలంతా ముసలమ్మ చేతిలో ఉంటాయి. ఆరు నెలలకు సంబరంగా అన్నప్రాసన చేస్తారు గానీ అప్పటికి బిడ్డకు మూడుసార్లు బేదులై, తూకం గీత పైకి పోకుండా అడ్డంగా సాగుతూ ఉంటుంది. అప్పుడు మేం అంగన్‌వాడీలో ఇచ్చే పోషకాహార పిండి, బాలామృతం ప్యాకెట్ చేతిలో పెడతాం. అది ఏడో నెల నుంచి కదా.

ఇంకో వీధి సంగతి, నిజానికి ఊరి సంగతి. మా చెల్లెల్ని కోసిగి వైపు ఇచ్చాం. అక్కడ పంట పోయిన ఏడాది, ఈ మధ్య పోని ఏడాది కూడా, ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. తెలంగాణకు పత్తి తీతకు, సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరప కోతకు. లారీల్లో బియ్యం మూట, పొయ్యి, పట్టలు, పిల్లలు. మూడు నెలల బిడ్డను ఇంట్లో వదిలిపోయే ప్రశ్నే లేదు కాబట్టి వెంట తీసుకుపోతారు, ఆ లెక్కన పాలు ఆగకూడదు కదా. ఆగుతున్నాయి. మిరప కోసిన చెయ్యి చూశారా ఎవరైనా? సబ్బుతో కడిగినా మంట పోదు, మజ్జిగతో కడిగినా, నూనె రాసినా పూర్తిగా పోదు. ఆ చేత్తో రొమ్ము పట్టుకుని బిడ్డ నోటికి అందిస్తే బిడ్డ కెవ్వుమని వదిలేస్తుంది. మా చెల్లెలి తోడికోడలు గుంటూరు నుంచి వచ్చాక నాకు చెప్పిన మాట ఇది, 'నా బిడ్డ నన్ను చూసి భయపడతాండె అక్కా' అని. కూలి కేజీల లెక్క. పాలివ్వడానికి చెట్టు కిందికి పోయిన అరగంట ఎన్ని కేజీలో ఆమెకు ఠక్కున తెలుసు. బిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్లను బడి మాన్పించి తీసుకుపోయింది, ఐదో తరగతి పిల్ల. ఉయ్యాల ఊపుతూ, అమ్మ వచ్చేదాకా బిస్కెట్ నీళ్లలో ముంచి పెడుతూ. తల్లిపాల లెక్కలో ఆ పిల్ల బడి కూడా రాయాలి.

మా కాలంలో చేలో పనిచేస్తూనే మూడేళ్లు ఇచ్చాం, ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు అనే పెద్దవాళ్లు ఉన్నారు, ఆ మాట మా అమ్మ కూడా అనేది. అమ్మ పనిచేసిన చేను ఊరి పొలిమేరలో. వేపచెట్టుకు చీర ఉయ్యాల, పది సాళ్లకు ఒకసారి వచ్చి చూసుకోవడం, మధ్యాహ్నం ఇంటికి రావడం. చేను వాళ్లూ ముఖపరిచయం ఉన్నవాళ్లే. ఇప్పుడు ఆటోలో ముప్పై కిలోమీటర్లు, మేస్త్రీ ఎవరో, చేను ఎవరిదో. ఓపిక తగ్గింది నిజమే కావచ్చు, దూరం ఎంత పెరిగిందో కూడా చూడాలి కదా.

ఇప్పుడు కాలనీకి వస్తాను. అక్కడంతా బాగుందనుకుని పోయాను నేను. మొదటి నెలలోనే నా అంచనా తప్పింది. మా వీధిలో గవర్నమెంటు ఆసుపత్రి కాన్పులు ఎక్కువ, కాలనీలో ప్రైవేటు, ఆపరేషన్లు ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. కుట్ల నొప్పితో తల్లి పక్కకు తిరగలేదు, బిడ్డ ఏడుస్తాడు, నర్సు డబ్బా తెమ్మంటుంది. మా సొంత కోడలికే జరిగింది. ఆసుపత్రి పేరు ఎందుకులే. మొదటి రోజు పసిబిడ్డ పొట్టకు ఒక్కసారికి పట్టేది చెంచా రెండు చెంచాలు, ఆ మాత్రం ముర్రుపాలు ఏ తల్లికైనా ఉంటాయి. నేను అడ్డం పడితే "మీకేం తెలుసు" అన్నారు. అంగన్‌వాడీ టీచర్ని అని చెబితే ఇంకా నవ్వారు. రెండేళ్లలోపు పిల్లల డబ్బా పాలకు ప్రకటనలు ఇవ్వకూడదని, ఆసుపత్రుల ద్వారా అంటగట్టకూడదని 1992లోనే చట్టం వచ్చింది, 2003లో ఇంకా బిగించారు. ఆ చట్టం మా ఊళ్లో ఎవరి మీదైనా పెట్టగా నేను చూడలేదు.

కాలనీలో ఒకే మెట్ల మీద ఎదురెదురు వాటాల్లో ఇద్దరు తల్లులు. ఒకామె గవర్నమెంటు ఉద్యోగి, ఆరు నెలలు జీతంతో సెలవు. ఆమె బిడ్డ ఏడాదిన్నర దాకా తాగాడు. రెండో ఆమె ప్రైవేటు స్కూల్లో టీచర్, బీఈడీ చదివింది, నాకంటే బాగా చెప్పగలదు తల్లిపాల గురించి. రెండున్నర నెలలకు స్కూల్లో 'మీరు రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటాం' అన్నారు, పోయింది. స్కూల్లో కూర్చుని పాలు పిండుకోవడానికి చోటంటే ఒక్క బాత్రూమే, దాని గడియ విరిగిపోయింది. నాలుగో నెలకు ఆపేసింది. చదువు ఒకటే, వాటా ఒకటే, అద్దె కూడా ఒకటే. ఆమెకు అవగాహన సదస్సు పెడతారా?

ఆశ్చర్యమేమిటంటే, మా మిల్లుల వీధిలో మూడో నెలలో డబ్బా మొదలుపెట్టిన తల్లులు కూడా రాత్రిపూట తల్లిపాలు మానరు. పడినన్ని పాలు, ఏడాదిన్నర, రెండేళ్లు, ఒక్కోసారి రెండో కడుపు వచ్చేదాకా ఇస్తారు. పక్కింటామె బిడ్డకు కూడా ఇస్తారు. తల్లి ఆటో లేటయితే పక్క గదిలో బాలింత ఇద్దర్నీ చెరో పక్క వేసుకుని కూర్చోవడం నేను కళ్లారా చూశాను, కులం కూడా చూసుకోలేదు ఆ పూట. డాక్టర్లు వద్దంటారేమో, అదొక చర్చ. కాలనీలో తలుపు వేస్తే వేసినట్టే. బిడ్డ ఏడిస్తే అడిగేవాళ్లు ఉండరు, పాలు చాలడం లేదేమోనని భయపడి ఫోన్ చూస్తారు, టెన్షన్‌తో పాలు చేపవు, డబ్బా తెస్తారు, ఎనిమిదో నెలకు పూర్తిగా బంద్. కాబట్టి డబ్బున్న వీధి మంచిది, లేని వీధి చెడ్డది అని నేను రాయడం లేదు. వీధిని బట్టి పాలు ఆగే నెల వేరు, ఆపే చెయ్యి వేరు.

ఇది మా అబ్బాయికి చెబితే ఫోన్లో వెతికి, ప్రపంచమంతా ఇదే గొడవమ్మా అని చదివి వినిపించాడు. 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో చాలా దేశాల లెక్కలు కలిపి చూశారట. దేశం తలసరి ఆదాయం రెట్టింపయ్యే కొద్దీ, ఏడాది వయసుకు ఇంకా తల్లిపాలు తాగే పిల్లలు నూటికి పదిమంది చొప్పున తగ్గుతున్నారు. పేద దేశాల్లో పేద తల్లులే ఎక్కువ కాలం ఇస్తారు. డబ్బున్న దేశాల్లో ఇది తిరగబడింది, చదువూ డబ్బూ ఉన్నవాళ్లు ఎక్కువ కాలం ఇస్తున్నారు, పేదవాళ్లు తొందరగా మానేస్తున్నారు. అమెరికా సంగతి విని నేను నమ్మలేదు. అంత దేశంలో జీతంతో ప్రసూతి సెలవు ఇచ్చే జాతీయ చట్టం లేదంట. 1993లో చేసిన చట్టం 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ చిన్న కంపెనీల వాళ్లకు వర్తించదు. పేద తల్లులకు సర్కారు పథకంలో డబ్బా పాలు మాత్రం ఉచితంగా ఇస్తారు. జీతం లేని సెలవు, ఉచితంగా డబ్బా. ఇక ఆ పేటల్లో పాలు ఎన్నాళ్లు నిలుస్తాయో ఊహించుకోవచ్చు. అక్కడివాళ్లు ఇంటి ఆదాయంతో ఆగకుండా పేటను కూడా లెక్కలోకి తీసుకుని పరిశోధనలు చేస్తున్నారు. మనం ఇంకా తల్లి బుర్ర దగ్గరే ఆగాం. నా భయం ఏమిటంటే మా ఆదోని ఆ తిరగబడే చోట ఉంది. గవర్నమెంటు సెలవు ఉన్న తల్లి ఏడాదిన్నర, మిల్లు కూలీ తల్లి బిడ్డకు మూడో నెలకే డబ్బా. వాళ్ల అమ్మల కాలంలో ఇది తలకిందులుగా ఉండేది.

చట్టాలు లేవా అంటే బోలెడు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే, యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల గది ఉండాలని రాశారు, 1976లో ఆ సంఖ్యను ముప్పైకి దించారు. 1961 ప్రసూతి చట్టంలో, తిరిగి పనికొచ్చిన తల్లికి బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకు రెండుసార్లు పాలిచ్చుకునే విరామం ఇవ్వాలన్నారు. 2017లో సెలవును 26 వారాలకు పెంచారు, యాభై మంది ఉంటే శిశు సంరక్షణ కేంద్రం, రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు అన్నారు. చదువుతుంటే కళ్లు చెమర్చేంత మంచి చట్టాలు. మేస్త్రీ కింద రోజుకూలీకి, రిజిస్టర్లో పేరే లేని మనిషికి, వీటిలో ఒక్కటీ తగలదు. ఉపాధి హామీ, అదే మా వైపు కరువు పని అంటాం, దాని చట్టంలో కూడా పనిచోటుకు ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒకామెను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. ఆ పథకం మొదలైందే మన సీమలో, 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. మా చెల్లెలి ఊళ్లో కరువు పని బాగా దొరికిన ఏడాది తల్లులు పదకొండు గంటలకు ఇంటికొచ్చేసేవాళ్లు, ఆ ఏడాది బిడ్డల తూకాలు బాగున్నాయని అక్కడి టీచర్ నాతో అంది. ఎవరూ సదస్సు పెట్టలేదు.

డబ్బు సంగతి. 2013 ఆహార భద్రత చట్టంలో బాలింతకు ఆరు వేలకు తక్కువ కాకుండా ఇవ్వాలని ఉంది. కేంద్రం మాతృవందన పథకంలో మొదటి కాన్పుకు ఐదు వేలు, రెండో కాన్పుకైతే ఆడపిల్ల పుడితేనే ఆరు వేలు. మొగపిల్లాడికి పాలు అక్కర్లేదు కాబోలు. ఐదు వేలను ఉద్యోగులకిచ్చే 26 వారాలతో, అంటే 182 రోజులతో భాగించండి. రోజుకు 27 రూపాయల చిల్లర. ఆటో ఎక్కి పనికి పోతే రోజు కూలి నాలుగైదు వందలు. ఏది ఎంచుకుంటుంది మనిషి? పక్కనే తమిళనాడులో ముత్తులక్ష్మి రెడ్డి పేరిట ఉన్న పథకంలో డబ్బూ పోషకాహారం కిట్లూ కలిపి 18 వేలు ఇస్తున్నారు. అదీ చాలదు, కానీ మనకు మూడింతల పైన. మా దగ్గర ఆ ఐదు వేలు కూడా ఆధార్ లింకు, బ్యాంకు ఖాతా, అత్తింటి అడ్రసు, పుట్టింటి అడ్రసు తేలి చేతికొచ్చేసరికి బిడ్డ నడుస్తుంటాడు. ఆ ఫారాలు నింపింది నేనే, నా రాతలో తప్పుల వల్ల ఆగినవీ ఉన్నాయి, ఒప్పుకుంటున్నాను.

నేను అడిగేది పెద్దదేం కాదు. పిల్లల సంరక్షణ కేంద్రాలంటూ పెడుతున్నవాటిలో ఆరు నెలలు నిండిన బిడ్డలను తీసుకుంటారు, అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదికి. మా వీధి ఆటో ఐదున్నరకు, బిడ్డకు మూడు నెలలు. ఈ రెండు అంకెలు సరిచేయండి. మిల్లుల దగ్గర, మార్కెట్ యార్డు దగ్గర ఒక గది, ఒక ఫ్యాను, ఒక ఆయమ్మ. తల్లి మధ్యలో రెండుసార్లు వచ్చి పోగలిగేంత దగ్గరలో ఉండాలి, అంతే, ఊరవతల కలెక్టర్ గారు ప్రారంభించే భవనం వద్దు. మిరప సీజన్లో గుంటూరు వైపు పోయే లారీలు ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతాయో అందరికీ తెలుసు, అక్కడి అంగన్‌వాడీల్లో మా బాలింతల పేర్లు రాయించండి. ఇక కూలి తల్లికి ఆ మొదటి ఆరు నెలలు పనిమానేస్తే పోయే కూలిలో సగమైనా ఇవ్వండి. ఖర్చంటారేమో. బేదులతో ఆసుపత్రిలో చేరిన బిడ్డకు పెట్టే సెలైన్ సీసాలు కూడా ఖర్చే కదా.

ఈ వారోత్సవాలు ఆగస్టు ఒకటినే ఎందుకు మొదలవుతాయో కూడా మా అబ్బాయే చెప్పాడు. 1990లో ఆ రోజు ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో తల్లిపాల మీద ఒక ప్రకటన చేశారట, దాని గుర్తుగా. పనిచేసే ఆడవాళ్లు బిడ్డకు పాలిచ్చుకునే హక్కును కాపాడే చట్టాలు చేయాలని అందులోనే ఉంది. ఫ్లెక్సీ మీద ఆ ముక్క ఎవరూ వేయించినట్టు లేదు.

ఇక చివరి ముక్క. మీరు వేసిన ఫొటోలో జంపఖానా మీద ఎడమ నుంచి మూడో ఆమె, ఆకుపచ్చ చీర, ఒళ్లో నాలుగు నెలల ఆడపిల్ల, మా వీధి పిల్లే. నా సెంటర్లో గుడ్డు తిని పెరిగింది. పేపర్ తీసుకుని మా ఇంటికొచ్చింది, ఫొటోలో బిడ్డ బాగా పడిందని మురిసిపోయింది. ఆ రోజు మీటింగుకు మనుషులు తక్కువయ్యారని, తప్పకుండా రావాలని పిలిస్తే ఆటో వదులుకుని పోయిందంట. పొద్దున తొమ్మిదికి రమ్మన్నారు, పెద్దలు వచ్చేసరికి పన్నెండు. ఒక బిస్కెట్ ప్యాకెట్, ఒక అరటిపండు ఇచ్చారు. కాఫీ తాగి లేస్తూ అడిగింది, "టీచరమ్మా, ఆ పొద్దు కూలి ఎవురిస్తారు?" అడిగి చెబుతాలే అన్నాను.

ఇట్లు
రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్
ఆదోని, కర్నూలు జిల్లా